రోమెల్ అభిమానులకు బహిరంగ లేఖ: బర్మా లెక్క కూడా చూడండి

మిత్రులారా,

రెండో ప్రపంచ యుద్ధంలో అందరికంటే గొప్ప సేనాని ఎవరన్న మాట ఎక్కడ మొదలైనా, పది నిమిషాలు తిరక్కుండా మీరు జర్మన్ సేనాని రోమెల్ పేరు తెస్తారు. ఆ వెంటనే ఎవరో ఒకరు అమెరికా జనరల్ ప్యాటన్ అంటారు. రష్యా చరిత్ర చదివినవాళ్ళు జుకోవ్ అంటారు. అందరికంటే లోతుగా చదివాననిపించుకోవాలనే సరదా ఉన్నవాళ్ళు ఇంకో జర్మన్ సేనాని మాన్‌స్టైన్ అంటారు. ఇక రాత్రి దాకా అదే గొడవ. నాకూ ఈ గొడవ ఇష్టమే, కాదనను. నా ఫిర్యాదల్లా ఒకటే. ఆ యుద్ధంలో జపాన్ విమానాలు 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ జపాన్ సైన్యాన్ని బర్మాలో ఓడించిన దళం పద్నాలుగో ఆర్మీ. చివరికొచ్చేసరికి అందులో దాదాపు పది లక్షల మంది ఉన్నారు, ఎక్కువమంది మన దేశం వాళ్ళే. దాన్ని నడిపిన బ్రిటిష్ జనరల్ విలియం స్లిమ్ పేరు మాత్రం తెలుగులో సాగే వాదనల్లో వినపడదు. ఆయన తరఫున రాస్తున్న లేఖ ఇది.

ముందు మీ మనిషి సంగతి. రోమెల్ గొప్పవాడు కాదని నేను అనను. 1941 ఫిబ్రవరిలో లిబియాలో దిగి, రెండు జర్మన్ డివిజన్లతో, ట్రక్కులూ మంచి ట్యాంకులూ లేక అవస్థ పడుతున్న ఇటాలియన్ దళాలతో అతను బ్రిటిష్ వాళ్ళను వందల కిలోమీటర్లు వెనక్కి తరిమాడు. 1942 జూన్ 21న లిబియా రేవు టోబ్రూక్ పట్టుకున్నప్పుడు దొరికిన ఖైదీలు దాదాపు 33 వేలు. అందులో మన 11వ ఇండియన్ బ్రిగేడ్ కూడా ఉంది. ఆ గెలుపుతో యాభై ఏళ్ళకే ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. అంతకు అయిదు నెలల ముందే చర్చిల్ బ్రిటిష్ పార్లమెంటులో నిలబడి, అదీ యుద్ధం మధ్యలో, అతన్ని గొప్ప జనరల్ అని పొగిడాడు.

ఆ పొగడ్త గురించి ఒక మాట. ఓడిపోతున్నవాడికి ఎదుటివాడు మహా మేధావి అని చెప్పుకోవడంలో కొంత సుఖం ఉంటుంది. గెలిచాక అయితే, అంతటివాణ్ణి మట్టి కరిపించామని చెప్పుకోవచ్చు. ఇటు లండన్‌కు ఆ అవసరం ఉంది, అటు బెర్లిన్‌లో హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్‌కు సినిమా హీరోలాంటి జనరల్ అవసరం ఉంది. రెండు వైపుల నుంచీ ప్రచారం దొరికిన సేనాని ఆ యుద్ధంలో రోమెల్ తప్ప నాకు ఇంకొకరు కనిపించరు. మీరు అతనికి ఆరో ఇంద్రియం ఉందంటారు కదా, దాంట్లో కొంత భాగం కైరోలో ఉండేది. అక్కడి అమెరికన్ మిలిటరీ అధికారి వాషింగ్టన్‌కు పంపే రిపోర్టుల కోడ్ ఇటాలియన్ల చేతికి చిక్కింది. బ్రిటిష్ దళాలు ఎక్కడున్నాయో, ఏ అవస్థలో ఉన్నాయో 1942 జూన్ చివరి దాకా రోమెల్‌కు అందుతూనే ఉండేది. ఇది అతని తప్పేం కాదు, దొరికిన సమాచారం ఎవరైనా వాడుకుంటారు. బ్రిటిష్ వాళ్ళు కూడా జర్మన్ కోడ్ చదివారు. కానీ మహిమ లెక్క వేసేటప్పుడు దీన్ని తీసివేయాలి కదా.

అసలు చిక్కు టోబ్రూక్ తర్వాత మొదలైంది. ముందుగా అనుకున్న ప్లాన్ ప్రకారం అక్కడ ఆగాలి, మాల్టా దీవిని పట్టుకోవాలి. ఎందుకంటే ఇటలీ నుంచి వచ్చే ఓడలను ముంచుతున్నది మాల్టా నుంచి వచ్చే విమానాలు, సబ్‌మెరైన్లే. రోమెల్ ఆగలేదు. హిట్లర్‌ను ఒప్పించుకుని ఈజిప్టు వైపు దూసుకుపోయాడు. ఈజిప్టులోని ఎల్ అలమీన్ చేరేసరికి అతని పెద్ద రేవు ట్రిపోలీ దాదాపు 2,000 కిలోమీటర్లు వెనక ఉంది. అక్కణ్ణుంచి లారీల్లో పెట్రోలు తెస్తుంటే, సగం పెట్రోలు ఆ లారీలే తాగేస్తున్నాయి. ఆగస్టు 30న ఆ పక్కనే అలమ్ హల్ఫా దగ్గర దాడి మొదలుపెట్టినప్పుడు ట్యాంకుల్లో చాలినంత ఇంధనం లేదు. వస్తాయన్న టాంకర్ ఓడలు సముద్రంలో మునిగిపోయాయి. వారం తిరక్కుండా వెనక్కి రావాల్సి వచ్చింది. దీనికి మీరు చెప్పే జవాబు నాకు తెలుసు: సప్లై చూడడం రోమ్ పని, బెర్లిన్ పని, రోమెల్ పని యుద్ధం చేయడం. మన పేచీ అంతా ఇక్కడే. సైనికుడికి అన్నం, మందు, గుండు అందుతాయా లేదా అన్నది సేనాని పనిలో భాగం కాదంటే, ఇక సేనాని పని ఏమిటి?

స్లిమ్ కథ ఓటమితో మొదలవుతుంది. అతను సంపన్న కుటుంబం వాడు కాదు. బ్రిస్టల్‌లో పుట్టి, కొన్నాళ్ళు బడిపంతులుగా, కొన్నాళ్ళు గుమాస్తాగా పనిచేసి, మొదటి యుద్ధంలో సైన్యంలో చేరాడు. గలిపోలిలో, మెసపొటేమియాలో గాయపడ్డాడు. తర్వాత ఇండియన్ ఆర్మీకి మారి గూర్ఖా రెజిమెంట్‌లో పనిచేశాడు. జీతం చాలక మారుపేరుతో పత్రికలకు కథలు కూడా రాసేవాడు. 1942 మార్చిలో అతన్ని బర్మాకు పంపేసరికే రంగూన్ పోయింది. అంతకు ముందు నెలలో సిట్టాంగ్ నది మీది వంతెనను మనవాళ్ళే పేల్చేయాల్సి వచ్చింది, 17వ ఇండియన్ డివిజన్‌లో ఎక్కువ భాగం ఇంకా అవతలి ఒడ్డునే ఉండగా. అలా చితికిపోయిన దళాలను స్లిమ్ చేతిలో పెట్టారు. రెండు నెలల్లో సుమారు 1,450 కిలోమీటర్లు వెనక్కి నడిపించి, వానాకాలం మొదలయ్యే వేళకు ఇంఫాల్ చేర్చాడు. బ్రిటిష్ సైన్య చరిత్రలో అంత పొడుగు తిరోగమనం ఇంకోటి లేదు. మనుషులు ఎముకల గూళ్ళయ్యారు గానీ తుపాకులు పారేయలేదు, యూనిట్లు చెదరలేదు.

అదే దారుల్లో, అదే అడవుల్లో, సైన్యానికి ముందూ వెనకా లక్షల మంది భారతీయులు కాలినడకన వస్తున్నారు. ఇది మనం మరిచిపోకూడని సంగతి. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్ళలో, బియ్యపు మిల్లుల్లో పనిచేసినవాళ్ళలో తెలుగువాళ్ళు ఎంతమందో. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు. కోరంగి రేవు నుంచి ఓడెక్కేవాళ్ళు కాబట్టి బర్మాలో వాళ్ళను కోరంగీలనేవారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద పడిన బాంబులకు వాళ్ళలో ఎందరో పోయారు. మిగిలినవాళ్ళు ఇంటి దారి పట్టారు, దారిలో కలరాకీ మలేరియాకీ ఎందరు పోయారో లెక్క తేలలేదు. వాళ్ళను ఆ ప్రభుత్వం గాలికి వదిలేసింది. ఈ పాపం స్లిమ్ ఖాతాలో వేయలేం గానీ, బర్మా యుద్ధం మనకు సంబంధం లేని యుద్ధం అనే మాట మాత్రం ఇకమీదట ఎవరూ అనకండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. ఇందులో ట్యాంకులు లేవు, విసుగు పుడితే క్షమించండి. 1943 అక్టోబరులో పద్నాలుగో ఆర్మీ స్లిమ్ చేతికి వచ్చింది. ఆ ఏడాది గాయపడి వెనక్కి వెళ్ళే సైనికుడు ఒక్కడుంటే, జబ్బుపడి వెళ్ళేవాళ్ళు 120 మంది. శత్రువు అక్కర్లేదు, దోమలే సైన్యాన్ని ఖాళీ చేస్తున్నాయి. స్లిమ్ ఏం చేశాడు? రోగులను వందల కిలోమీటర్ల దూరంలోని ఆసుపత్రులకు పంపకుండా, ఫ్రంట్‌కు కాస్త వెనకే చికిత్స కేంద్రాలు పెట్టించాడు. మలేరియా రాకుండా మెపాక్రిన్ మాత్రలు రోజూ మింగాలని ఆర్డరు వేశాడు. ఆ మాత్రలు మింగితే మగతనం పోతుందని సైనికుల్లో పుకారు ఉండేది, అందుకని నోట్లో వేసుకున్నట్టు నటించి ఉమ్మేసేవాళ్ళు. స్లిమ్ చెప్పాపెట్టకుండా ఒక్కో యూనిట్‌కు మనుషులను పంపి అందరి రక్తం పరీక్ష చేయించేవాడు. కనీసం 95 శాతం మంది రక్తంలో మందు కనిపించకపోతే ఆ యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ ఉద్యోగం ఊడినట్టే. ముగ్గుర్ని అలా తీసేశాక మిగిలినవాళ్ళు దారికొచ్చారు. ముందున్న దళాలకు సగం రేషన్ వచ్చిన రోజుల్లో తన హెడ్‌క్వార్టర్స్‌లో కూడా సగం రేషనే పెట్టించేవాడు. ఆకలేసిన స్టాఫ్ ఆఫీసరు ఫైలు త్వరగా కదుపుతాడని అతనికి తెలిసుంటుంది!

పారాచూట్ల కథ ఇంకా బాగుంటుంది. అడవిలో చిక్కుకున్న దళాలకు విమానాల నుంచే సరుకు జారవిడవాలి. అందుకు పట్టు పారాచూట్లు కావాలి, అవి యూరప్ యుద్ధానికే చాలడం లేదు. స్లిమ్, అతని సరఫరాలు చూసే ఆల్ఫ్ స్నెల్లింగ్ కలిసి కలకత్తా జనపనార మిల్లులవాళ్ళను పిలిచి గోనెగుడ్డతో పారాచూట్ చేయగలరా అని అడిగారు. వాళ్ళు చేసిచ్చారు. పట్టుదానికయ్యే ఖర్చులో ఇరవయ్యో వంతు. మనుషులకు పనికిరాదు గానీ బియ్యం, గుళ్ళు దించడానికి బ్రహ్మాండంగా పనిచేసింది. అయితే ఆ మిల్లులున్న బెంగాల్‌లోనే 1943లో లక్షలాది మంది తిండి లేక చచ్చిపోయారు. సైన్యానికి ఉన్న ఏర్పాట్లు, జనానికి ఎందుకు లేవన్న ప్రశ్నకు ఆ సామ్రాజ్యం దగ్గర జవాబు లేదు. సప్లైలో స్లిమ్‌ను పొగిడేటప్పుడు ఇది పక్కన పెట్టేయడం నా వల్ల కాదు.

1944 మార్చిలో జపాన్ జనరల్ ముతగుచి మూడు డివిజన్లతో చిండ్విన్ నది దాటి ఇంఫాల్, కోహిమాల మీదికి వచ్చాడు. మీకు నచ్చే రకం సేనాని అతను: సాహసం, వేగం, వెనక్కి చూడకపోవడం. సైనికుల దగ్గర మూడు వారాలకు సరిపడా తిండి మాత్రమే ఉంది. ఆలోపు ఇంఫాల్‌లోని బ్రిటిష్ గోదాములు పట్టుకుని తినొచ్చనుకున్నాడు. వెంట పశువులను కూడా తోలించాడు, వాటిలో చాలా వరకు నదిలో, కొండల్లో చచ్చాయి. స్లిమ్ ప్లాన్ దీనికి సరిగ్గా ఎదురు. తన దళాలను ముందు నుంచి ఇంఫాల్ మైదానానికి లాక్కుని, విమానాల ద్వారా తిండి తెప్పించుకుంటూ, శత్రువు ఆకలితో కరిగిపోయేదాకా అక్కడే పోరాడాలని.

ప్లాన్ బాగుంది గానీ స్లిమ్ రెండు చోట్ల తప్పు చేశాడు. వెనక్కి రమ్మనే ఆర్డరు ఆలస్యమైంది, 17వ డివిజన్ దారిలో పోరాడుతూ రావాల్సి వచ్చింది. కోహిమాకు ఒక రెజిమెంట్ వస్తుందనుకుంటే జపాన్ జనరల్ సాటో నాయకత్వంలో డివిజన్ మొత్తం వచ్చింది. అక్కడ డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు ఇవతల మనవాళ్ళు, అవతల జపాన్‌వాళ్ళు, ఆ కాస్త జాగా కోసం రోజుల తరబడి కొట్టుకున్నారు. అస్సాం రెజిమెంట్ సైనికులూ, రాయల్ వెస్ట్ కెంట్ సైనికులూ ఆ కొండను వదల్లేదు కాబట్టి స్లిమ్ తప్పు ఓటమిగా మారలేదు. బర్మా పడమటి తీరంలోని అరకాన్ నుంచి 5వ ఇండియన్ డివిజన్‌ను విమానాల్లో ఎక్కించి తెచ్చారు. జూన్ 22న ఇంఫాల్ రోడ్డు మళ్ళీ తెరుచుకుంది. అంతకు ముందే సాటో, తిండీ గుళ్ళూ పంపరేమని తిట్టి, పైవాడి ఆర్డరు లెక్కచేయకుండా తన డివిజన్‌ను వెనక్కి తీసుకుపోయాడు. దాడికి వచ్చిన దాదాపు 85 వేల మందిలో సుమారు 30 వేల మంది చనిపోయారు, వాళ్ళలో చాలామంది ఆకలితో, రోగంతో. అప్పటివరకు జపాన్ సైన్యానికి భూమి మీద అంత పెద్ద ఓటమి లేదు. స్లిమ్ తర్వాత రాసిన పుస్తకంలో ఆ రెండు తప్పులూ తనవేనని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. ఇటాలియన్లను, సప్లై ఆఫీసర్లను తప్పుపట్టే రోమెల్ కాగితాలు చదివినవాళ్ళకు తేడా తెలుస్తుంది.

ఇది డిఫెన్స్ మాత్రమే, ఎటాక్ ఎక్కడ అంటారు. మధ్య బర్మాలోని మీక్తీలా చూడండి. 1944 డిసెంబరులో స్లిమ్ చిండ్విన్ దాటాడు. కలేవా దగ్గర 350 మీటర్ల బెయిలీ వంతెన (ముందే చేసిన భాగాలను అక్కడికక్కడ బిగించేది) వేశారు, అప్పటికి ప్రపంచంలో అదే పొడుగైనది. అడవిలో చెట్లు కొట్టి అక్కడే పడవలు కట్టారు. శత్రువు ఇరవాడి నదికి ఇవతల మైదానంలో నిలబడి పోరాడతాడని అతని లెక్క. కానీ జపాన్ జనరల్ కిమురా తెలివిగా ఇరవాడి అవతలికి జరిగిపోయాడు. వేసిన ప్లాన్ వృథా. కొద్ది రోజుల్లోనే స్లిమ్ దాన్ని మొత్తం మార్చేశాడు. ఒక కోర్ (కొన్ని డివిజన్ల దళం) మాండలే దగ్గర హడావుడిగా నది దాటుతుంది, కిమురా కళ్ళన్నీ అటే. ఇంకో కోర్, అంటే నాలుగో కోర్, గంగావ్ లోయలోని దుమ్ము దారిలో రహస్యంగా దక్షిణానికి పోతుంది. ఆ కోర్ ఇంకా ఉత్తరంలోనే ఉందని నమ్మించడానికి దొంగ హెడ్‌క్వార్టర్స్ ఒకటి పెట్టి వైర్‌లెస్‌లో ఉత్తుత్తి సందేశాలు పంపించారు. 1945 ఫిబ్రవరి 14న పగాన్‌కు పక్కనే న్యౌంగూ దగ్గర 7వ ఇండియన్ డివిజన్ ఇరవాడి దాటింది. 17వ డివిజన్, షెర్మన్ ట్యాంకులతో, మీక్తీలా మీద పడింది. 1942లో సిట్టాంగ్ దగ్గర చితికిపోయిన డివిజన్ అదే. ఆ ట్యాంకుల్లో దక్కన్ హార్స్ రెజిమెంట్‌వి కూడా ఉన్నాయి, దాని మూలాలు హైదరాబాద్ నిజాం కాలపు అశ్వదళాల్లో ఉన్నాయి. బర్మాలోని జపాన్ సైన్యానికి తిండీ ఆయుధాలూ అందేది మీక్తీలా గోదాముల నుంచి, అక్కడి ఎయిర్‌ఫీల్డ్‌ల నుంచి. మార్చి మొదటి వారంలో అది పోయింది. కిమురా నలువైపుల నుంచీ దళాలు తెచ్చి మళ్ళీ పట్టుకోబోయాడు, ఎయిర్‌ఫీల్డ్ అంచున పోరాటం జరుగుతుండగా విమానాలు దిగేవి. మార్చి 20న మాండలే కూడా పడింది. వేగం, మోసం, సాహసం అన్నీ ఉన్నాయి. రోమెల్ టోబ్రూక్‌లో చూపించినవే, కాకపోతే ఈ ట్యాంకుల్లో రేపటికి కూడా పెట్రోలు ఉంది.

ఇక అసలు అభ్యంతరం. స్లిమ్ పోరాడింది మనల్ని ఏలుతున్న సామ్రాజ్యం కోసం, అటువైపు నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్ (ఐఎన్ఏ) ఉంది, మనం స్లిమ్‌ను పొగడడమేమిటని అడుగుతారు. అడగాల్సిందే. నేను చెప్పిన ఆ న్యౌంగూ, పగాన్ ఒడ్డున అవతల కాపలా ఉన్నది గురుబక్ష్ సింగ్ ధిల్లాన్ నడిపిన ఐఎన్ఏ దళమే. ఇటు ఇండియన్ డివిజన్, అటు ఇండియన్ నేషనల్ ఆర్మీ. ధిల్లాన్‌నూ, పోపా కొండ దగ్గర పోరాడిన సెహగల్‌నూ, ఇంఫాల్ వైపు వచ్చిన షానవాజ్ ఖాన్‌నూ ఆ ఏడాది నవంబరులో ఎర్రకోటలో విచారించినప్పుడు దేశం లేచి నిలబడింది. స్లిమ్ ఐఎన్ఏ గురించి చులకనగానే రాశాడు, అది అతని పక్షపాతం. నా మట్టుకు, ధిల్లాన్ ఏ కారణంతో పోరాడాడన్న విషయంలో మనసు అటే ఉంటుంది. కానీ మనం తేల్చుకుంటున్నది ఎవరి పక్షం న్యాయమైనదని కాదు, ఎవరు బాగా సైన్యం నడిపారని. పక్షం చూసే తీర్పు ఇవ్వాలంటే హిట్లర్ ఫీల్డ్ మార్షల్‌ను మీరు మొదటి స్థానంలో ఎలా పెట్టారో కూడా చెప్పాలి.

మాన్‌స్టైన్ వాళ్ళకు ఒక్క మాట: 1940 ఫ్రాన్స్ ప్లాన్, 1943 ఖార్కోవ్ అద్భుతం, నిజమే. యుద్ధ నేరాలకు 1949లో అతనికి శిక్ష పడింది, అది కూడా నిజమే. అతని జ్ఞాపకాల్లో తప్పులన్నీ హిట్లర్‌వి, ఒప్పులన్నీ తనవి.

జుకోవ్ వాళ్ళతో నాకు పేచీ తక్కువ. యుద్ధం ఎవరి వల్ల తేలిపోయింది అని అడిగితే సోవియట్ సేనానులు జుకోవ్, వాసిలెవ్‌స్కీ, రొకొసోవ్‌స్కీల వైపే చూపిస్తాను. మాస్కో, స్టాలిన్‌గ్రాడ్, బెర్లిన్ ముందు బర్మా చిన్న యుద్ధం. 1942 చివర్లో ర్‌జెవ్ దగ్గర, 1945లో జీలో కొండల దగ్గర జుకోవ్ మనుషులను ఖర్చుపెట్టిన తీరు చూస్తే నాకు మింగుడుపడదు. అయినా ఆ స్థాయి యుద్ధం స్లిమ్ నడిపి ఉండేవాడా అంటే, చెప్పలేం. అమెరికా ఇచ్చిన రవాణా విమానాలు లేకపోతే ఇంఫాల్ నిలిచేది కాదన్నదీ నిజం. రంగూన్‌కు కూడా స్లిమ్ దళాలు ముందు చేరలేదు. వానలు తొందరగా వచ్చి పెగూ దగ్గర ఆగిపోతే, 1945 మే 3న సముద్రం మీద నుంచి వచ్చిన 26వ ఇండియన్ డివిజన్ ఊళ్ళోకి వెళ్ళింది, అప్పటికే జపాన్‌వాళ్ళు ఖాళీ చేసి పోయారు. ఆ నెలలోనే అతని పై అధికారి లీజ్, గెలిచిన స్లిమ్‌ను పదవి నుంచి తప్పించబోయాడు. కింది ఆఫీసర్లు భగ్గుమన్నారు. చివరికి లీజ్ ఉద్యోగమే పోయింది, ఆ కుర్చీలో స్లిమ్ కూర్చున్నాడు.

బ్రిటన్‌లోనే లండన్ నేషనల్ ఆర్మీ మ్యూజియం 2011లో పోలింగ్ పెడితే బ్రిటిష్ జనరల్స్‌లో వెల్లింగ్టన్‌తో సమానంగా స్లిమ్ మొదటి స్థానంలో నిలిచాడు. 2013లో గొప్ప యుద్ధంగా ఇంఫాల్–కోహిమాను ఎంచుకున్నారు, వాటర్లూను కాదు, నార్మండీని కాదు. గెలిచిన ఆ యుద్ధంలో పోరాడినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళైనప్పుడు మనం చర్చించకపోవడమే నాకు వింతగా ఉంది.

కాబట్టి ఈసారి జాబితా వేసేటప్పుడు ఒక ప్రశ్న చేర్చండి. ఓడిపోయిన సైన్యం, జబ్బుపడిన మనుషులు, రోడ్లు లేని అడవి, లండన్‌లో ఎవరికీ పట్టని ఫ్రంట్: ఇవి చేతికిచ్చి గెలిచి రమ్మంటే మీ జాబితాలో ఎవరిని పంపుతారు? రోమెల్‌నే పంపుతామంటే జవాబు రాయండి, తప్పకుండా చదువుతాను. టోబ్రూక్‌తో మాత్రం మొదలుపెట్టకండి, అది ఎప్పుడో ఒప్పేసుకున్నాను. అలమ్ హల్ఫాతో మొదలుపెట్టండి. ఆగస్టు 30 రాత్రి పెట్రోలు ఎంతుందో తెలిసి కూడా ఎందుకు కదిలాడో ముందు అది చెప్పండి.

ఇట్లు,
మీతో వాదన మానని ఒక చరిత్ర పాఠకుడు